ఊరకుండి ఆలకించెను

అపొస్తలుల కార్యములు పదిహేనవ అధ్యాయం చదివేటప్పుడు మనలో చాలామందిమి పేతురు మాటల దగ్గర ఒకసారి, యాకోబు తీర్పు దగ్గర మరొకసారి ఆగి, మధ్యనున్న పన్నెండవ వచనాన్ని దాటిపోతుంటాము. "అంతట ఆ సమూహమంతయు ఊరకుండి" బర్నబాయు పౌలును అన్యజనులలో దేవుడు చేసినవాటిని వివరించగా "ఆలకించెను" అని లూకా అక్కడ వ్రాశాడు. యూదులు కాని విశ్వాసులు కూడా సున్నతి పొందాలా అని తేల్చడానికి కూడిన యెరూషలేము సభ చీలిపోకుండా నిలిచింది ఆ వచనం దగ్గరేనని నా నమ్మకం.

అక్కడ సున్నతి కావాలన్నవారు సంఘానికి శత్రువులు కారు. పరిసయ్యుల తెగలోనుండి వచ్చినా వారు విశ్వాసులే. వారి చేతిలోనూ వాక్యముంది. అబ్రాహాముతో దేవుడు చేసిన సున్నతి నిబంధన నిత్య నిబంధన అని ఆదికాండము పదిహేడవ అధ్యాయం స్పష్టంగా చెబుతుండగా, దానిని కాదనడానికి మీరెవరని వారు అడిగి ఉంటే అది అల్పమైన ప్రశ్న కాదు. అందుకే "బహు తర్కము" జరిగింది. ఆ తర్కాన్ని లూకా దాచలేదు, దానికి సిగ్గుపడలేదు. అయితే తర్కం తరువాత ఒక మౌనం వచ్చిందని కూడా అంతే శ్రద్ధగా వ్రాశాడు.

ఈ "ఊరకుండుట" అనే మాట మన తెలుగు బైబిలులో ఎక్కడెక్కడ వస్తుందో చూడండి. ముందు సముద్రము, వెనుక ఫరో రథములు ఉన్న వేళ మోషే ప్రజలతో, యెహోవా మీ పక్షమున యుద్ధము చేయును, "మీరు ఊరకయే యుండవలెను" అన్నాడు. జనములు ఘోషించుచున్న నలువది ఆరవ కీర్తనలో "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అని దేవుడే పలికాడు. రెండు చోట్లా మనిషికి కేకలు వేయాలనిపించే ఘడియలోనే ఆ ఆజ్ఞ వచ్చింది. వాడుకలో ఊరుకోవడమంటే పట్టించుకోకుండా వదిలేయడమనే అర్థం స్థిరపడింది కాని, లేఖనంలో ఊరకుండినవాడు దేవుడు చేయబోయేదాని కోసం చోటు విడిచిపెట్టినవాడు. యెరూషలేములో మాత్రం ఎవరూ ఆజ్ఞాపించలేదు. అంతసేపు వాదించినవారే తమంతట తాము నోరు మూసుకున్నారు. ఇక్కడ లూకా బర్నబా పేరు ముందు, పౌలు పేరు తరువాత చెప్పడం కూడా నాకు ఇష్టమైన సంగతి. యెరూషలేమువారికి బర్నబా పాత మనిషి, తన పొలము అమ్మి ఆ వెలను అపొస్తలుల పాదముల యొద్ద పెట్టినవాడు. నమ్మినవాని నోట వింటే కొత్త సంగతి కూడా చెవికెక్కుతుంది.

ఇక యెరూషలేము సంఘపు పెద్ద యాకోబు. "వారు చాలించిన తరువాత" గాని అతడు మాట్లాడలేదు. ధర్మశాస్త్రమంటే ప్రాణమిచ్చే ఆ పెద్ద, లేచీ లేవగానే తన అభిప్రాయం చెప్పలేదు. "సుమెయోను వివరించి యున్నాడు" అని పేతురును ఇంట్లో పిలుచుకొనే పేరుతో పిలిచినంత ఆప్యాయంగా అతని పాత పేరుతోనే తలచుకొని, అతడు చెప్పినదానిని తన నోట మళ్లీ చెప్పి, ఆ తరువాతనే ఆమోసు ప్రవక్త మాటలు ఎత్తాడు. ఎదుటివాని మాటను వాడు ఒప్పుకొనేలా తిరిగి చెప్పగలిగితేనే విన్నట్టు. "వినుటకు వేగిరపడువాడును, మాటలాడుటకు నిదానించువాడును" అని పత్రికలో వ్రాసినది ఈ యాకోబేనని సంఘం తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చింది. ఆ మాట ఎంత అనుభవంలోనుండి పుట్టిందో ఈ అధ్యాయం చదివితే తెలుస్తుంది.

మన వాక్యధ్యాన కూటములలో ఆ వేగిరపాటు దేనికి ఖర్చవుతున్నది? ఒక సహోదరుడు మాట్లాడుతుండగానే మనం పేజీలు తిప్పుతుంటాము, అతని మాట అర్థం చేసుకోవడానికి కాదు, దానికి ఎదురు వచనం వెదకడానికి. ఇప్పుడు ఫోనులో ఆ వెదకడం ఇంకా సులువైంది. అతడు ముగించేసరికి మన వ్రేలు మన వచనం మీద సిద్ధంగా ఉంటుంది. ఈ తప్పు నేనూ చేశాను గనుకనే ఇంత బాధతో వ్రాస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం ఒక శుక్రవారం సాయంత్రం మా ఇంటింటి కూటములో బాప్తిస్మము మీద మాట వచ్చింది. మాలో లూథరన్లు, బాప్టిస్టులు, పెంతెకొస్తువారు ఉన్నారు. పసిపిల్లలకు ఇచ్చే చిలకరింపు చెల్లదని ఒకరు, చెల్లుతుందని ఒకరు, ఇద్దరికంటె గట్టిగా నేను. ఆ ఇంటి పెద్దావిడ గోడకు ఆనుకొని చాప మీద కూర్చుని ఉంది. మూడు సార్లు ఏదో చెప్పబోయింది. మూడు సార్లూ మా గొంతులు ఆమె మాటను తొక్కేశాయి. ప్రార్థన ముగిసి నేను గడపలో చెప్పులు వేసుకుంటుంటే దగ్గరకు వచ్చి నెమ్మదిగా అంది: "మా అమ్మ నన్ను చంకనేసుకుని లూథరన్ గుడికి తీసుకెళ్లి నీళ్లు పోయించింది నాయనా. పెళ్లయ్యాక మా అత్తగారి సంఘంవాళ్లు కొమ్మమూరు కాలువలో ముంచారు. రెండుసార్లూ ఆయన పేరే చెప్పారు. మా అమ్మ చేసింది ఉత్తిదేనని ఇందాక మీరంటుంటే, నాకు ఆవిడ మొహమే కనబడింది."

నా దగ్గర వచనాలు ఉన్నాయి, జవాబు లేదు. ఆమె మాటతో ఆ సిద్ధాంత ప్రశ్న తీరిపోయిందని నేననను. బాప్తిస్మము గురించి నా నమ్మకం నేటికీ మారలేదు. కాని నేను ఎవరి తల్లి మీద నిలబడి మాట్లాడుతున్నానో నాకు ఆ గడపలో తెలిసింది.

ఐక్యత ఒక్క పూటలో వచ్చేది కాదు. 1919లో తరంగంబాడిలో వేర్వేరు సంఘాల కాపరులు కూర్చుని మొదలుపెట్టిన సంభాషణ, 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘముగా (సి.ఎస్.ఐ.) ఫలించడానికి 28 ఏళ్లు పట్టింది. బిషప్పు పదవి గురించి, అభిషేకము గురించి ఆంగ్లికన్లకూ ఇతరులకూ మధ్య ఉన్న భేదము చిన్నది కాదు. ఈ ఐక్యత కోసం మొదటినుండి ప్రయాసపడిన దోర్నకల్ బిషప్ అజరయ్యగారు 1945 జనవరి 1న కన్నుమూశారు, ఆ దినాన్ని చూడలేదు. మన బాప్టిస్టులు, లూథరన్లు అందులో కలవలేదు, వారి కారణాలు వారికున్నాయి. అయినా బాప్టిస్టు కాపరి అయిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను లూథరన్ గుడిలోను, సి.ఎస్.ఐ. గుడిలోను ఒకే రాగంలో కన్నీళ్లతో పాడుకుంటున్నాము. పాడేటప్పుడు వినగలిగినవారము చదివేటప్పుడు ఎందుకు వినలేము?

ప్రియులారా, వచ్చే కూటమునకు వెళ్లేటప్పుడు ఒక్క పని చేయండి. మీతో ఏకీభవించనివారు మాట్లాడుతున్నంతసేపు బైబిలు మూసి ఒడిలో పెట్టుకోండి. వారు చాలించిన తరువాత, "మీరన్నది ఇదే కదా" అని వారి మాటను వారికి చెప్పండి. వారు అవునన్నాకనే మీ వచనం తెరవండి. చదవడం రానివారు కూటములో ఉంటే మొదటి మాట వారినే అడగండి.

ఆ తరువాతి శుక్రవారం మేము పదిహేనవ అధ్యాయమే మళ్లీ చదివాము. పన్నెండవ వచనం అయ్యాక నేను ఆగి, "అమ్మగారూ, మీరు చెప్పండి" అన్నాను. ఆమె కొంగు సర్దుకొని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మేమెవరమూ పేజీ తిప్పలేదు.