కిమ్ అణుబాంబులు వదులుకుంటాడా?

నిన్న అలిపిరి దగ్గర టీ తాగుతుంటే మామయ్య అడిగాడు, "ఆ ఉత్తర కొరియా కిమ్ ఎప్పటికైనా అణుబాంబులు వదులుకుంటాడంటావా?" అని. గ్లాసులో టీ మీగడ కట్టేదాకా మాట్లాడుకున్నాం. నాకైతే నమ్మకం లేదు. 2003లో లిబియా నేత గడాఫీ అణు కార్యక్రమం వదులుకున్నాడు, 2011లో తిరుగుబాటుదారుల చేతిలో చచ్చిపోయాడు. 1994లో భద్రతా హామీలు నమ్మి సోవియట్ నాటి అణ్వాయుధాలు ఇచ్చేసిన ఉక్రెయిన్ గతి చూస్తూనే ఉన్నాం. ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్‌లో ఇవన్నీ గమనించకుండా ఉంటారా? 2019లో హనోయ్‌లో ట్రంప్‌తో చర్చలు ఒప్పందం లేకుండానే ముగిశాయి, 2022లో తమది అణ్వాయుధ దేశమని చట్టమే చేసుకున్నారు. దక్షిణాఫ్రికా తన ఆరు బాంబులూ తనే విప్పేసింది నిజమే, కానీ అప్పుడక్కడ పాలనే మారబోతోంది. అందుకే ముందు కొత్త పరీక్షలైనా ఆపించి, తిండికీ మందులకీ దారి తెరవాలంటాను. అక్కడి పిల్లల్ని తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.