ఎవరు పంపారు బాబూ?

మధ్యాహ్నం ముసురు పట్టింది. అత్తయ్యగారు అరుగు మీద కొబ్బరాకుల ఈనెలు తీస్తున్నారు. మా ఆయన నరసాపురం వెళ్లారు. గేటు దగ్గర బండి ఆపి "గ్యాస్ చెకింగండీ" అన్నాడో కుర్రాడు.

ఇలాగే చెకింగ్ అని ఇళ్లలోకొచ్చి, బాగున్న పైపు పీకేసి కొత్తది అంటగట్టిపోయే వాళ్ల కథలు పాలకొల్లు వైపు విన్నవే.

అత్తయ్యగారి విచారణ మొదలైంది. "ఏ ఊరు నాయనా? ఎవరబ్బాయివి? ఇంటిపేరేంటి?" కుర్రాడు ఓపిగ్గా "ఆయ్, ఆచంట దగ్గరండి" అని మొదలుపెట్టాడు. ఇంకో రెండు ప్రశ్నలైతే "మీరేవిట్లు" దాకా వెళ్తారని తెలిసి నేను అడ్డం పడ్డాను. మా వైపు మనిషిని పోల్చుకునే పద్ధతి ఇదే మరి. స్టవ్ చూడ్డానికొచ్చినవాడి కులం మనకెందుకు? పైగా జవాబు మనకి నచ్చేదైతే దొంగయినా దర్జాగా లోపలికొచ్చేస్తాడు.

కార్డు చూపించమన్నాను. మెడలోనే ఉంది. లామినేషన్ లోపలికి చెమట దిగి ఫొటోలో ముఖం సగం పోయింది. పేరుంది, కంపెనీ గుర్తుంది. గడువు అన్నచోట చుక్కలున్నాయి గానీ తేదీ వేయలేదు. కింద ఓ సెల్ నంబరు. దానికి నేను చెయ్యలేదు. దొంగ కార్డు అచ్చు వేయించుకున్నవాడు ఓ నంబరు వేయించుకోలేడా? మా గ్యాస్ పుస్తకం మీదున్న ఏజెన్సీ నంబరుకి చేశాను.

"మా తరఫునేనండి. అంటే మా స్టాఫ్ కాదు, చెకింగ్ పని ఇంకొకాయనకి ఇచ్చాం. ఆయన కుర్రాళ్లు."

కంపెనీ, దాని కింద ఏజెన్సీ, ఏజెన్సీ కింద ఇంకొకాయన, ఆయన కింద ఈ కుర్రాడు. చొక్కా మీద మాత్రం కంపెనీ పేరే.

నేను ఫోన్‌లో ఉండగానే జేబులోంచి ఆధార్ జిరాక్స్ తీసి పట్టుకున్నాడు. పన్నెండంకెలూ, పుట్టినతేదీ, ఇంటి అడ్రసూ అన్నీ అందులో ఉన్నాయి. లోపల పెట్టుకోమన్నాను. ఆధార్ చూస్తే అతనెవరో తెలుస్తుంది గానీ ఎవరు పంపారో తెలీదు కదా. రాజమండ్రిలో మా చెల్లెలి అపార్ట్‌మెంట్లో అయితే వాచ్‌మన్ దాన్ని ఫొటో తీసుకుంటేగానీ లిఫ్ట్ ఎక్కనివ్వడట. ఆ ఫొటోలన్నీ ఏమవుతాయో! చివరి నాలుగంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఒకటుందని ఈ పిల్లలకి చెప్పేవాళ్లేరీ?

రైస్‌మిల్లుల పీఎఫ్ లెక్కలు రాసే పని నాది, అందుకని ఈ కార్డుల గొడవ కొంత తెలుసు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద వచ్చిన కేంద్ర నిబంధనల్లో, పనిలో పెట్టుకున్న మూడు రోజుల్లోగా కాంట్రాక్టరే కార్డు ఇవ్వాలని ఉండేది. కానీ ఆ చట్టం పెట్టుకున్న హద్దు 20 మంది. దాని బదులు తెచ్చిన 2020 కార్మిక కోడ్‌లో అది 50 అయింది. నలుగురు కుర్రాళ్లని తిప్పుకునే కాంట్రాక్టరు ఈ రెండు హద్దుల్లో దేనికీ చిక్కడు. కరెంటు వాళ్ల సంగతీ అంతే. విద్యుత్ చట్టం 163వ సెక్షన్, మీటరు చూడ్డానికి వచ్చేవాళ్లకి సంస్థ అధికారం ఇచ్చి ఉండాలనీ, ఇంట్లోవాళ్లకి చెప్పి తగిన వేళలో రావాలనీ అంటుంది. ఆ అధికారానికి రుజువుగా గుమ్మంలో ఏం చూపించాలో మాత్రం అందులో రాయలేదు.

సరే, లోపలికి రమ్మన్నాను. స్టవ్ వెనక పైపు మీద పసుపూ నూనే కలిసి అట్టకట్టింది. బొటనవేలితో గీకి అచ్చులో సంవత్సరం చూపించాడు. అయిదేళ్లు దాటిపోయింది. కొత్తదాని మీద ఐఎస్‌ఐ గుర్తూ, గ్యాస్ పైపుల ప్రమాణం నంబరు 9573 కూడా నేనే చదివి చూసుకున్నాను. ఏజెన్సీ పేరున్న రసీదు ఇస్తేనే డబ్బులన్నాను, ఇచ్చాడు. పని శుభ్రంగా చేశాడు.

మంచినీళ్లు తాగుతూ అన్నాడు, ఆ కార్డుకని జీతంలో వంద పట్టుకున్నారట. చొక్కాకి వేరే. మన భయం తీరడానికి వాడి జేబులోంచి డబ్బులా? ఇది వినేసరికి అత్తయ్యగారికి కూడా ఇంటిపేరు సంగతి గుర్తులేదు, కాంట్రాక్టర్ని తిట్టడం మొదలెట్టారు.

సోమవారం పాలకొల్లు వెళ్లినప్పుడు ఏజెన్సీలో గడువు లేని కార్డుల సంగతీ, ఆ వంద సంగతీ అడగాలి. ఇంకొకాయన మీదకి నెట్టేస్తారు. ఆ ఇంకొకాయన పేరూ నంబరూ కాగితం మీద రాయించుకునే వస్తాను.