తెలియదని చెప్పే కోచ్ దగ్గర మా అమ్మాయి

అమెరికాలో చిన్నపిల్లల ఆటలు చాలావరకు తల్లిదండ్రుల చేతుల మీదుగానే నడుస్తాయి. జీతం తీసుకునే కోచ్‌లుండే క్లబ్బులు వేరు. ఊళ్లో రిక్రియేషనల్ లీగ్ అంటే మాత్రం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, కారు డిక్కీలోంచి బంతుల సంచీ దించే ఏ అమ్మో నాన్నో కోచ్. డాలస్ పక్కన మేముండే ఊళ్లో మా అమ్మాయి సాకర్ (మనం ఫుట్‌బాల్ అనే ఆట) టీమ్‌ని చూసుకునేది అలాంటి ఒకాయనే. కాలేజీలో ఆడారు, ఏళ్లుగా పిల్లలకు నేర్పుతున్నారు. ఆయనకు సాయంగా నేను ఉంటాను. చీరాల దగ్గర బడిలో ఖోఖో ఆడిన నాకు ఈ ఆట కొత్త. ఆయన పక్కన నిలబడి పిల్లలతో పాటే నేనూ నేర్చుకుంటున్నాను.

ప్రాక్టీసు అయ్యాక ఆయన పిల్లల్ని గడ్డిమీద గుండ్రంగా కూర్చోబెట్టి, తనూ వాళ్ల మధ్య చతికిలబడతారు. "ఇవాళ నేను సరిగ్గా చెప్పలేనిది ఏమైనా ఉందా?" అని అడుగుతారు. ఒకరోజు మా అమ్మాయి చెయ్యెత్తి, "మీరు చాలాసేపు మాట్లాడారు, చివరికొచ్చేసరికి మొదట చెప్పింది మర్చిపోయాను" అంది. నా గుండె గుభేలుమంది. మా డ్రిల్లు మాస్టారితో ఆ మాట అనుంటే గ్రౌండు చుట్టూ పరుగే. ఈయన జేబులోంచి చిన్న కార్డు తీసి రాసుకున్నారు. ఆరోజు చెప్పింది బంతిని పాస్ చేయడం గురించి. తర్వాతి ప్రాక్టీసులో అదే పాస్‌ని ఉపన్యాసం లేకుండా నేర్పారు. ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టి, పాదం లోపలి వైపుతో బంతిని నెమ్మదిగా నెట్టి చూపించి, పక్కకు తప్పుకున్నారు. అంతే, పిల్లలు అందుకున్నారు.

మైదానం అంచున కుర్చీలు వేసుకుని కూర్చునే మనవాళ్లలో కొందరికి ఇది నచ్చలేదు. "ఆయనకే తెలియకపోతే పిల్లలకేం నేర్పుతాడు?" అని ఒకరు నాతోనే అన్నారు. వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. గురువు నోట "తెలియదు" అనే మాట మనం పెద్దగా వినలేదు. పిల్లలకు భయభక్తులు పోతాయేమో, రేపు ఇంట్లో మనకూ ఎదురు చెబుతారేమో అన్నది అసలు బెంగ.

కానీ ఆటలో బాగా ఎదిగినవాళ్ల చరిత్ర చూస్తే నేర్చుకోవడం ఆపనివాళ్లే కనిపిస్తారు. మా కోచ్ జేబులో కార్డులు పెట్టుకోవడం జాన్ వుడెన్‌ని చూసి నేర్చుకున్నారట. వుడెన్ యుసిఎల్‌ఎ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) బాస్కెట్‌బాల్ కోచ్. 1964 నుంచి 1975 వరకు 12 ఏళ్లలో 10 జాతీయ టైటిళ్లు గెలిపించారు. మొదటి టైటిల్ వచ్చింది ఆయన అక్కడ చేరిన 16వ సీజన్‌లో. ఆటలు లేని నెలల్లో ప్రతి ఏడూ ఒక్క విషయం, ఉదాహరణకు ఫ్రీ త్రో (ఫౌల్ జరిగాక ఎవరూ అడ్డుకోకుండా బుట్టలోకి వేసే బంతి), తీసుకుని దానిమీదే చదివేవారు, ఇతర కోచ్‌లను అడిగేవారు. రోజూ ప్రాక్టీసుకు ముందు చాలాసేపు కూర్చుని, నిమిషాల లెక్కన కార్డు మీద ప్లాన్ రాసుకునేవారు. అన్నేళ్ల అనుభవం ఉన్న మనిషికి అవసరమా అంటే, ఆయన అవసరమనే అనుకున్నారు.

అసలు తెలిసిందే మారిపోతుంటే? తలతో బంతి కొట్టడం సాకర్‌లో మామూలు విద్య. 2015లో యు.ఎస్. సాకర్ సంస్థ మెదడు దెబ్బల భయంతో 10 ఏళ్లు, అంతకు లోపు పిల్లలు తలతో కొట్టకూడదంది. 11 నుంచి 13 ఏళ్ల వాళ్లకు ప్రాక్టీసులో పరిమితి పెట్టింది. అప్పటిదాకా చిన్నపిల్లలకు దాన్ని నేర్పిన కోచ్‌లంతా ఆ పాఠాన్ని పక్కన పెట్టేయాల్సి వచ్చింది. "నాకు తెలుసులే" అనుకునే కోచ్ చేతిలో మన పిల్లల తలలు పెట్టగలమా?

ఇదంతా అమెరికా పద్ధతి అని మా నాన్నగారు వీడియో కాల్‌లో తేల్చేశారు. నేను ఒప్పుకోలేదు. మా జిల్లాలోనే నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ ఉన్నారుగా అన్నాను. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన మనిషి, 2008లో గచ్చిబౌలిలో అకాడమీ తెరిచి సైనానీ సింధునీ తయారుచేసిన మనిషి. 2016 రియోలో సింధు రజతం గెలిచాక ఇక తనకు ఎవరి సాయమూ అక్కర్లేదని కూర్చోవచ్చు, కూర్చోలేదు. ఆయన చీఫ్ కోచ్‌గా ఉండగానే ఇండోనేషియా నుంచి ముల్యో హండోయో, కొరియా నుంచి కిమ్ జీ హ్యున్, పార్క్ టే సాంగ్ లాంటివాళ్లు వచ్చి మన ఆటగాళ్లతో పనిచేశారు. కిమ్ సాయంతో ఆట మెరుగుపరుచుకున్న సింధు 2019లో బాసెల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది, ఫైనల్లో జపాన్ అమ్మాయి ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి.

ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. టోక్యో ఒలింపిక్స్‌కి కోచ్‌ల సంఖ్యకు పరిమితి ఉండటంతో గోపీచంద్ తన చోటు వదులుకున్నారు. మన ఆటగాడు సాయి ప్రణీత్‌కు రోజూ నేర్పుతున్న ఇండోనేషియా కోచ్ ఆగుస్ ద్వి సాంతోసో వెళ్లాలన్నారు. చీఫ్ కోచ్ ఇంట్లో ఉండి, ఆటగాడికి పనికొచ్చే మనిషిని పంపడం! నాన్నగారు కాసేపు ఆలోచించి, "అది పెద్దరికం" అన్నారు. మా అమ్మాయికి ఈ కథ తాతయ్య నోటే చెప్పించాను. వినయం ఇక్కడి బడిలో నేర్చుకునేదీ, పెద్దల పట్ల గౌరవం ఇంట్లో నేర్చుకునేదీ అని తను రెండు గదులుగా విడదీసి పెట్టుకోవడం నాకిష్టం లేదు.

ఎక్కడ ఎలా అడగాలన్నది మాత్రం నేర్పాల్సిందే. మా అమ్మాయి వెళ్లే కూచిపూడి క్లాసులో ముందు అడుగు వేయడం, తర్వాతే ప్రశ్న. టీచర్‌గారు జతి చెబుతుంటే మధ్యలో చెయ్యెత్తడం ఉండదు. క్లాసు అయ్యాక నమస్కారం పెట్టి, "ఈ చోట చెయ్యి ఎందుకు అలా తిప్పాలండీ?" అని అడుగుతుంది. ఆవిడ సంతోషంగా చెబుతారు. సాకర్‌లో నిర్భయంగా అడగడం అలవాటయ్యాకే తనకు ఇక్కడ అడగాలన్న ఆసక్తి పుట్టింది. సాకర్‌లో తన వంతు వచ్చినప్పుడు కెప్టెన్‌గా నిలబడటానికి కూచిపూడిలో నేర్చుకున్న ఓపికే పనికొచ్చింది. మా టీమ్‌లో కెప్టెన్ పట్టీ వారానికొకరికి వస్తుంది. అది కట్టుకున్నవాళ్లు ఆట అయ్యాక కోన్లు ఏరి, అందరి వాటర్ బాటిళ్లూ చూసి, ఆఖరున బయలుదేరాలి. పట్టీ కోసం పోటీపడ్డ పిల్లలు ఆ పనిని కూడా పోటీపడి చేస్తున్నారు.

వచ్చే సీజన్‌లో మా పిల్లలు ఏడుగురి ఆట నుంచి తొమ్మిదిమంది ఆటకు మారతారు. మైదానం పెద్దది, ఎవరెక్కడ నిలబడాలన్నది అంతా మారుతుంది. అందుకు యు.ఎస్. సాకర్ వాళ్ల 9వి9 (తొమ్మిదిమంది ఆట) కోచింగ్ కోర్సుకి పేరిచ్చాను. మా కోచ్‌గారూ ఇచ్చారు, పాత నోట్సు ఉన్నా సరే మళ్లీ మొదటి నుంచి కూర్చుంటానన్నారు. కోర్సులో చేయాల్సిన ప్రాక్టీసు ప్లాన్‌ని ముందు పిల్లలకు చూపించి, ఎక్కడ అర్థం కాలేదో చెప్పమందామని ఇద్దరం అనుకున్నాం.