నా అనుభవం: ముద్దాయికి కుర్చీ, నాకు నేల

మొన్న శనివారం రాత్రి పదిన్నరకి పోలీస్ స్టేషన్ నుంచి బయటపడ్డాను. మంట చల్లారకముందే రాసేస్తున్నాను, చల్లారితే సిగ్గేసి రాయను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఆటో ఎక్కితే పాతపట్నం, అంటే ఆంధ్రా. చుట్టరికాలు అటూ ఇటూ కలిసే ఉంటాయి, పోలీసులు, కోర్టులు మాత్రం వేరు. ఇక్కడ బెయిలు తీసుకున్నవాడు అటు వెళ్లిపోతే, ష్యూరిటీ సంతకం పెట్టినవాడు ఇక్కడ ఇరుక్కుంటాడు. రెండేళ్ల కిందట మా బావమరిది అలాగే ఇరుక్కున్నాడు. ఒక లారీ డ్రైవర్‌కి ఇరవై వేలకి జామీను నిలబడ్డాడు, డ్రైవర్ వాయిదాలకి రావడం మానేశాడు, కోర్టు నుంచి బావమరిదికి నోటీసు వచ్చింది. ఆ డ్రైవర్‌ని టెక్కలి గ్రానైట్ క్వారీలో నేనే వెతికి, బతిమాలి, కోర్టుకి తెచ్చాను. గొప్ప కోసం చెప్పడం లేదు గానీ, పన్నెండేళ్లు బస్సు పార్సిల్ కౌంటర్ నడిపినవాణ్ణి. ఎవడు ఎక్కడ దాక్కున్నా ఇంటి నుంచి ఊరగాయ డబ్బా వెళ్లకుండా ఉండదు.

అప్పుడు పుట్టింది ఆలోచన. అమెరికాలో ఇదొక వృత్తి. బెయిల్ బాండ్ కంపెనీ బెయిలు మొత్తంలో పది శాతం తీసుకుని హామీ ఉంటుంది, ముద్దాయి పారిపోతే మనిషిని పెట్టి పట్టిస్తుంది. 1872లో అక్కడి సుప్రీంకోర్టు దానికి దారి ఇచ్చింది. యూట్యూబ్‌లో ఆ వీడియోలు చూసి చూసి, మన దగ్గర అలా పారిపోయినవాళ్లని వెతికి తెచ్చే మొదటివాణ్ణి నేనే అవుతానని పొంగిపోయాను. మన దేశంలో హామీ ఉండి డబ్బు తీసుకునే కంపెనీలు ఎందుకు లేవో మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

గది అద్దె, బోర్డు, విజిటింగ్ కార్డులు నాలుగు రోజుల్లో అయిపోయాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు, ఉచితం, అరగంట పని.

లైసెన్సు దగ్గర ఒక కన్సల్టెంటు పద్దెనిమిది వేలు నొక్కేశాడు. 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద ఫైలు పెడతానన్నాడు. ఒక్క జిల్లాకి ప్రభుత్వ ఫీజు ఐదు వేలే. అసలు ఆ చట్టం మనుషులకీ ఆస్తికీ కాపలా కాసేవాళ్ల కోసం, మనుషుల్ని వెతికేవాళ్ల కోసం కాదు. డిటెక్టివ్ ఏజెన్సీలకని 2007లో పార్లమెంటులో పెట్టిన బిల్లుని 2020లో వెనక్కి తీసుకున్నారు. అంటే నా పనికి లైసెన్సే లేదు. ఈ సంగతి వాడికి ముందే తెలుసు. కన్సల్టెంటు అన్న బోర్డు కనిపిస్తే జేబు గట్టిగా పట్టుకుని నడవండి.

ఇక శనివారం సంగతి. నా మొదటి క్లయింటు ఒక మేస్త్రీ. బైకు దొంగతనం కేసులో ఒక కుర్రాడికి హామీ ఉన్నాడు, వాడు పరారీ, వారెంటు వచ్చింది. వాళ్లమ్మకి ప్రతి నెలా మందులు ఏ బస్సులో వస్తున్నాయో కనుక్కుంటే పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో బస్తాలు మోస్తూ దొరికాడు. నేను కొత్త చట్టం చదివే వెళ్లాను. భారతీయ నాగరిక సురక్షా సంహిత, సెక్షన్ 40: మామూలు మనిషి కూడా అరెస్టు చేయొచ్చు, ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. పన్నెండున్నరకి పట్టుకున్నాను, భోజనం పెట్టించాను, నాలుగింటికల్లా ఒడిశా వైపు ఒక స్టేషన్‌లో అప్పగించాను. గడియారం చూసుకుని మరీ లోపలికి వెళ్లాను.

ఐఐసీ గారు, అంటే స్టేషన్ ఇన్‌ఛార్జి ఇన్‌స్పెక్టర్, వారెంటు జిరాక్సు చదివి, "ఇది ఎవరి పేరున రాశారు?" అన్నారు.

"ముద్దాయి పేరున సార్."

"పట్టుకురమ్మని ఎవరికి రాశారు?"

చూశాను. పోలీసు అధికారికి రాశారు. నా పేరు ఎక్కడా లేదు. అప్పుడు ఆయన సెక్షన్ 40 మొత్తం చదివించారు, గట్టిగా, అందరూ వినేలా. మన కళ్లెదుట పెద్ద నేరం చేస్తే పట్టుకోవచ్చు, లేదా కోర్టు ప్రొక్లెయిమ్డ్ అఫెండర్‌గా ప్రకటించినవాణ్ణి పట్టుకోవచ్చు. ఈ కుర్రాడు రెండూ కాదు. పరారీలో ఉన్న ప్రతివాడూ ఆ లెక్కలోకి రాడట. నేను ఆరు గంటల దగ్గరే ఆగిపోయాను.

"మేమే పలాస వెళ్తే అక్కడి స్టేషన్‌కి చెప్పి వెళ్తాం. నువ్వెవడివి?" అన్నారు. తర్వాత "ఏఠి బస", ఇక్కడ కూర్చో, అని నేల చూపించారు. ఫోను, బెల్టు తీసుకున్నారు. ఆ కుర్రాడికి కుర్చీ వేసి టీ ఇచ్చారు. ఎందుకంటే ఇప్పుడు వాడు ఫిర్యాదుదారు కావచ్చు, నేను అక్రమ నిర్బంధం కేసులో ముద్దాయిని కావచ్చు. స్టేషన్‌కి వచ్చిన ప్రతివాడికీ రికవరీ అని ఉన్న నా విజిటింగ్ కార్డు చూపించడం, వాడు నవ్వడం. ఒక హోంగార్డు అయితే "రికవరీ అంటే బైకు ఫైనాన్సా?" అని మూడుసార్లు అడిగాడు. యాభై దగ్గరపడిన మనిషిని, మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాను. ఆ గోడకి ఆనుకుని ఆరున్నర గంటలు కూర్చున్నాను.

నన్ను కాపాడింది ఆ దొంగే. కేసు పెడతావా అని అడిగితే, "వద్దు సార్, బాబాయి నాకు చేపల పులుసుతో అన్నం పెట్టించాడు" అన్నాడు. వాడి వారెంటు సంగతి వాళ్లు చూసుకున్నారు, ఆదివారం కోర్టులో హాజరుపరిచారు. నన్ను వదలాలంటే ఇంకెప్పుడూ ఇలా చేయనని రాసివ్వాలి, దాని మీద ఇంకొకరు పూచీ సంతకం పెట్టాలి. మేస్త్రీకి ఫోన్ చేయిస్తే ఎత్తలేదు. చివరికి మా బావమరిది వచ్చాడు. పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించి, "బావా, నువ్వు వాయిదాలకి వస్తావు కదా?" అన్నాడు.

ష్యూరిటీ ఉన్నవాళ్లకి ఒక్క మాట. వాడి వాలకం తేడాగా ఉంటే పారిపోయేదాకా ఆగకండి. నా హామీ రద్దు చేయండి అని అదే సంహిత సెక్షన్ 489 కింద మేజిస్ట్రేట్ దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. కోర్టే వాణ్ణి పిలిపిస్తుంది. పారిపోయాక అయితే ఎక్కడున్నాడో కనుక్కుని లాయరు ద్వారా రాతపూర్వకంగా పోలీసులకి ఇవ్వండి, రసీదు తీసుకోండి. జరిమానా పడ్డా, కారణాలు రాసి కొంత తగ్గించే అధికారం 491 కింద కోర్టుకి ఉంది, అప్పుడు ఆ రసీదు పనికొస్తుంది. చెయ్యి మాత్రం వేయకండి.

ఇప్పుడు నేను చేస్తున్నదీ అదే, అడ్రసు వెతికి కాగితం మీద పెట్టడం. బోర్డు మీద పాత పేరు కొట్టేయించాను. ఈ పొద్దున మేస్త్రీ ఫోన్ చేశాడు. కుర్రాణ్ణి కోర్టుకి తెచ్చింది పోలీసులు కదా, నా అడ్వాన్సులో సగం తిరిగి ఇచ్చేయమంటున్నాడు.