తలకు దెబ్బ తగిలాక మళ్ళీ రగ్బీ మైదానంలోకి: మా ఇంటి అనుభవం

పిల్లల్ని రగ్బీకి పంపే అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. ఆటలో పిల్లాడి తలకు దెబ్బ తగిలితే, మైదానంలో ఏం జరిగిందో కోచ్‌కు తెలుస్తుంది. క్లాసులో ఎలా ఉన్నాడో టీచర్‌కు తెలుస్తుంది. డాక్టర్‌కు మనం చెప్పిందే తెలుస్తుంది. ఈ ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. మధ్యలో ఉండేది మనమే. మా వాడికి కంకషన్ (తల అదిరి మెదడుకు తగిలే దెబ్బ) అయినప్పుడు నాకు బాగా అర్థమైన సంగతి ఇదే.

మేముండేది ఇంగ్లండ్‌లో, కవెంట్రీ దగ్గర. ఆటకు పేరిచ్చిన రగ్బీ ఊరు మాకు దగ్గరే. అక్కడి స్కూల్లోనే 1845లో విద్యార్థులు ఈ ఆట నియమాల్ని మొదటిసారి కాగితం మీద పెట్టారు. మా వాడు ఆరేళ్ళప్పుడు ఒక స్నేహితుడి వెంట క్లబ్‌కు వెళ్ళి, ఇక అక్కడే ఉండిపోయాడు. అండర్-7, అండర్-8లో ఒకరినొకరు పట్టుకుని పడెయ్యడం ఉండదు. నడుముకు బెల్టు కడతారు, దానికి వేలాడే పట్టీ లాగేస్తే చాలు. ట్యాకిల్, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టుకుని పడెయ్యడం, అండర్-9లో మొదలవుతుంది. తర్వాత ఏటా కొంచెం కొంచెంగా ఆట పెరుగుతుంది. ఇప్పుడు వాడు అండర్-13, జట్టుకు పదమూడు మంది.

మొన్న మార్చిలో, ఆదివారం పొద్దున మ్యాచ్. అవతలి జట్టు పిల్లాడు బంతి పట్టుకుని పరుగెత్తుకొస్తుంటే మావాడు వంగి నడుము దగ్గర పట్టుకున్నాడు. అంతవరకూ సరిగ్గానే పట్టుకున్నాడు. ఇంగ్లండ్‌లో 2023 నుంచి, వృత్తిగా ఆడనివాళ్ళ రగ్బీ అంతటిలో రొమ్ము ఎముక కింది అంచుకు పైన ట్యాకిల్ చెయ్యకూడదు. కానీ తల ఎటు పెట్టాలన్నది వేరే సంగతి. తల పరుగెత్తేవాడి వెనక పక్కకు పోవాలి. మావాడిది ముందు పక్కకు పోయింది. ఆ పిల్లాడి మోకాలు వచ్చి కణతకు తగిలింది. రగ్బీలో కంకషన్లు ఎక్కువగా అయ్యేది ట్యాకిల్‌లోనే. అందులోనూ పట్టుకోబోయేవాడికి ప్రమాదం ఎక్కువ.

వాడు వెంటనే లేచాడు. స్పృహ తప్పలేదు. నాలుగడుగులు పరుగెత్తి, అవతలి జట్టు వరసలో వెళ్ళి నిలబడ్డాడు. అంతే, కోచ్ చెయ్యెత్తి రెఫరీకి సైగ చేశాడు. మావాడు "నేను బాగానే ఉన్నా" అని వాదించాడు. కోచ్ ఒక్క ముక్క కూడా వాదించలేదు. వాడి భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిపించుకొచ్చి, ఫస్ట్ ఎయిడ్ చూసే ఆవిడ పక్కన కూర్చోబెట్టాడు.

ఇక్కడ కొత్తవాళ్ళందరికీ ఒక అనుమానం వస్తుంది. టీవీలో పెద్ద ఆటగాళ్ళను లోపలికి తీసుకెళ్ళి, పరీక్ష చేసి, మళ్ళీ ఆటలోకి పంపుతారు కదా అని. అది శిక్షణ పొందిన డాక్టర్లుండే వృత్తి స్థాయి ఆటకు మాత్రమే. పిల్లల ఆటలో మైదానం పక్కన అలాంటి పరీక్షే లేదు. అనుమానం వచ్చిందంటే ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. పది నిమిషాల తర్వాత పిల్లాడు నవ్వుతూ తిరిగినా సరే. ఈ నియమం నాకు ఎంతో నచ్చింది. ఎందుకంటే అందులో పిల్లాడి ధైర్యానికీ, కోచ్ మొహమాటానికీ, తల్లిదండ్రుల ఆశకూ చోటు లేదు.

ఫస్ట్ ఎయిడ్ ఆవిడ మా చేతికో కాగితం ఇచ్చింది. ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ళ 111 నంబరుకు ఫోన్ చేసి ఆ రోజే మాట్లాడమంది. ఫోన్లో నర్సు చాలాసేపు అడిగింది. వాంతులవుతున్నాయా, మెడ నొప్పి ఉందా, రెండుగా కనిపిస్తోందా, ముక్కులోంచి గాని చెవిలోంచి గాని నీళ్ళలాంటివి కారుతున్నాయా, ఫిట్స్ లాంటివి వచ్చాయా, మాట తడబడుతోందా. వీటిలో ఏది కనిపించినా, లేదా తలనొప్పి పెరుగుతూ పోయినా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళమంది. నొప్పికి పారాసిటమాల్ ఇవ్వచ్చు గాని ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దంది. మొదటి ఇరవై నాలుగు గంటలూ ఒంటరిగా వదలొద్దు, ఫోనూ టీవీ వీలైనంత తక్కువ.

ఈలోపు వరంగల్ నుంచి మా అత్తమ్మ వీడియో కాల్. "పిలగాన్ని పండుకోనియ్యకు బిడ్డా, తలకు దెబ్బ తగిలినంక పండుకుంటే ప్రమాదమంటరు" అని ఒకటే కంగారు. మన వైపు చాలామంది నమ్మే మాట ఇది. నేను అదే నర్సును అడిగాను. ప్రమాద లక్షణాలేవీ లేవు కాబట్టి పడుకోనివ్వచ్చు, విశ్రాంతే కావాలి అంది. వాడు మా గదిలోనే పడుకున్నాడు. మేమిద్దరం వంతులవారీగా లేచి చూశాం.

అత్తమ్మ రెండో ప్రశ్న, "హెల్మెట్ పెట్టుకోరా?" అని. కొందరు పిల్లలు స్క్రమ్ క్యాప్ అని మెత్తటి టోపీ పెట్టుకుంటారు. చెవులు ఒరుసుకోకుండా, గీతలు పడకుండా అది పనికొస్తుంది. కంకషన్‌ను మాత్రం ఆపదు. కొబ్బరికాయను ఊపితే లోపల నీళ్ళు కదిలినట్టు, తల ఒక్కసారిగా ఊగితే లోపల మెదడు కదులుతుంది. పైన ఏం కట్టినా ఆ కదలిక ఆగదు. మౌత్‌గార్డ్ పళ్ళను కాపాడుతుంది, అది తప్పకుండా ఉండాలి, కానీ మెదడు విషయంలో దానిమీద భరోసా పెట్టుకోలేం.

మామయ్య మాత్రం వేరే ప్రశ్న అడిగారు. ఆయన కుర్రతనంలో ఊళ్ళో కబడ్డీ బాగా ఆడినవారు. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగినప్పుడు, మనవడు ఆడే ఆట కదా అని హైదరాబాద్ హీరోస్ మ్యాచ్‌లు పట్టుబట్టి చూశారు. అది ఏడుగురేసి ఆడే రగ్బీ, అయినా ట్యాకిల్ ట్యాకిలే. "తల యాడ వెట్టిండు?" అని అడిగారు. ముందు పక్కకు పోయిందని చెప్తే, "ఆడు పెద్దగైతుంటే అవతలోని మోకాళ్ళు గూడ పెద్దగైతయ్ బిడ్డా. ఆట మాన్పియ్యకుండ్రి, పట్టుడు నేర్పియ్యమను" అన్నారు. ఆ మాట నేను కోచ్‌కు అట్లాగే చెప్పాను.

మాకు కొత్తగా తెలిసిందేమిటంటే, తిరిగి ఆటకు రావడానికి దేశమంతటికీ ఒకే పద్ధతి ఉంది. ఏ ఆటైనా, ఏ వయసైనా, వృత్తిగా ఆడనివాళ్ళందరికీ వర్తించేలా బ్రిటన్‌లో 2023 ఏప్రిల్‌లో మార్గదర్శకాలు వచ్చాయి. దెబ్బ తగిలిన రోజును సున్నాగా లెక్కపెట్టాలి. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి. తర్వాత ఇంట్లో మామూలు పనులు, కాసేపు నడక. అది తట్టుకుంటే కొంచెం చదువు, తేలికైన వ్యాయామం. ఆ తర్వాత స్కూలు, ఒకరినొకరు తాకని డ్రిల్స్. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఏ లక్షణమూ లేకుండా పద్నాలుగు రోజులు గడిస్తేనే ట్యాకిల్ ఉండే ప్రాక్టీసు. మ్యాచ్ మాత్రం ఇరవై ఒకటో రోజుకు ముందు ఎట్టి పరిస్థితుల్లోనూ లేదు. నాలుగు వారాలు దాటినా లక్షణాలు పోకపోతే డాక్టర్‌కు చూపించాలి.

కాగితం మీద చూస్తే సులువుగానే ఉంది. కష్టమల్లా పిల్లాడు పైకి బాగున్నట్టు కనిపించే రెండో వారంలో.

మొదటి వారం ఎవరికీ సందేహం లేదు. వాడు వాలిపోయి ఉన్నాడు, వెలుతురు పడలేదు, చెల్లెలు గట్టిగా నవ్వితే విసుక్కున్నాడు. ఎప్పుడూ ఇష్టంగా చేసే లెక్కల దగ్గర కూర్చుని ఏడ్చాడు. చిరాకు, ఏడుపు కూడా కంకషన్ లక్షణాలేనని ఆ కాగితంలో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే వాణ్ణి కోప్పడేవాళ్ళమే. రెండో వారానికి నవ్వుతున్నాడు, తింటున్నాడు, స్కూలుకు సగం పూట వెళ్ళొస్తున్నాడు. చూసినవాళ్ళంతా "తగ్గిపోయిందిగా" అనడం మొదలుపెట్టారు.

అప్పుడే మా తెలుగు సంఘం ఉగాది కార్యక్రమం. వీడు స్నేహితులతో కలిసి డాన్స్ చెయ్యాలి. నెలల తరబడి నేర్చుకున్నారు. గెంతులు, పెద్ద స్పీకర్లు, మిణుకుమిణుకుమనే లైట్లు. నేను వద్దన్నాను. "ఐదు నిమిషాల పాటే కదండీ" అని తోటి తల్లులు అన్నారు, వాళ్ళ పిల్లల వరుస చెదిరిపోతుందని వాళ్ళ బాధ. నాకూ బాధగానే ఉండింది. మేం కార్యక్రమానికి వెళ్ళాం, ఉగాది పచ్చడి, పులిహోర తిన్నాం, పాటలు మొదలయ్యాక వాడూ వాళ్ళ నాన్నా బయట హాల్లో కూర్చున్నారు. లోపలి శబ్దం అక్కడికి వినిపిస్తేనే వాడు తల పట్టుకున్నాడట. స్టేజీ ఎక్కి ఉంటే ఏమయ్యేదో.

స్కూలు సంగతి చెప్పాలి. మా వాడు ఆదివారం క్లబ్‌కు ఆడతాడు, వారం మధ్యలో పీఈ (వ్యాయామం, ఆటల) క్లాసులో స్కూల్లో కూడా రగ్బీ ఆడతాడు. క్లబ్‌లో తగిలిన దెబ్బ సంగతి స్కూలుకు దానంతటది చేరదు. సోమవారం పొద్దున్నే క్లాస్ టీచర్‌కు, పీఈ టీచర్‌కు, ఆఫీసుకు ఒకే ఈమెయిల్ పెట్టాను. ఏ రోజు దెబ్బ తగిలింది, ఇప్పుడు ఏ దశలో ఉన్నాడు, ఏవి చెయ్యకూడదు. పీఈ వద్దు అంటే సరిపోదు. ఆట విరామంలో ఫుట్‌బాల్‌ను తలతో కొట్టే హెడ్డింగ్, ట్రాంపొలీన్, సైకిల్, ఇవన్నీ విడివిడిగా రాయాలి. పిల్లలు రాయనివన్నీ చెయ్యచ్చనే అనుకుంటారు. దశ మారినప్పుడల్లా మళ్ళీ రాశాను, అదే ఈమెయిల్‌లో క్లబ్ కోచ్‌ను కూడా చేర్చాను. స్కూలువాళ్ళు వాడికి లైబ్రరీలో ఒక నిశ్శబ్దమైన మూల ఇచ్చారు.

ఇక అసలు ఘట్టం. ఒక సాయంత్రం వాళ్ళ నాన్న గమనించారు, వాడు చదువుకునేటప్పుడు కర్టెన్ వేసుకుంటున్నాడు. తలనొప్పిగా ఉందా అంటే లేదన్నాడు. మళ్ళీ అడిగితే కళ్ళల్లో నీళ్ళు. కొన్నాళ్ళుగా సాయంత్రాలు నొప్పిగానే ఉందట. సీజన్ చివర్లో పెద్ద ఫెస్టివల్ ఉంది, చాలా క్లబ్బుల జట్లు వస్తాయి. నొప్పి అని చెబితే ఆ పద్నాలుగు రోజుల లెక్క మళ్ళీ మొదటికొస్తుందని వాడికి తెలుసు. అందుకే దాచాడు.

"చెబితే ఏం కాదు నాన్నా" అని వాడికి మేం అనలేదు. అది నిజం కాదు కాబట్టి. చెబితే తేదీ వెనక్కి పోతుంది, ఫెస్టివల్ పోతుంది. అయినా చెప్పాలి, ఎందుకో చెప్తాం విను అని కూర్చోబెట్టి బెన్ రాబిన్సన్ గురించి చెప్పాం. ఉత్తర ఐర్లండ్‌లో క్యారిక్‌ఫెర్గస్ ఊరి పిల్లాడు, పద్నాలుగేళ్ళు. 2011 జనవరిలో స్కూలు మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలినా ఆడుతూనే ఉన్నాడు, మళ్ళీ దెబ్బ తగిలింది, ప్రాణం పోయింది. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు ఒక్కసారిగా వాచిపోవచ్చు. ఇది చాలా అరుదు, కానీ జరిగితే తిరుగులేదు. ఆ తర్వాత బెన్ వాళ్ళ నాన్న ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి ఈ విషయం చెబుతూ వచ్చారు. మా వాణ్ణి ఆ ఆదివారం కాపాడిన నియమం వెనక అలాంటి తల్లిదండ్రుల శ్రమ ఉంది. పన్నెండేళ్ళవాడికి ఇంత చెప్పాలా అని కొందరికి అనిపించవచ్చు. ట్యాకిల్ చేసే వయసు వచ్చినవాడికి ఇది వినే వయసు కూడా వచ్చిందని నా అభిప్రాయం.

మర్నాడు వాడే కోచ్‌కు ఫోన్ చేసి చెప్పాడు. కోచ్ అన్నది నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. "నీ స్థానం ఎక్కడికీ పోదు" అన్నాడు. ఇక్కడ పిల్లల రగ్బీలో జట్టులో ఉన్న ప్రతి ఒక్కరికీ కనీసం సగం ఆట ఇవ్వాలన్న నియమం ఉంది. నువ్వు వచ్చిన రోజు నీ సగం నీకుంటుంది అని వాడికి గుర్తుచేశాడు. ఆ తర్వాత దాచడాలు లేవు. రోజూ రాత్రి పడుకునే ముందు వాడే చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. తలనొప్పి ఉందా లేదా, వెలుతురు పడిందా లేదా, నిద్ర ఎట్లా పట్టింది.

ఫెస్టివల్‌కు వెళ్ళాం. వాడు ఆడలేదు, నీళ్ళ సీసాలు మోశాడు. క్లబ్‌హౌస్‌లో మ్యాచ్ తర్వాత అందరూ కలిసి తినడం ఈ ఆటలో ఆనవాయితీ, అవతలి జట్టు పిల్లలతో సహా. మేం శాకాహారులమని తెలిసి మా కోసం చీజ్, చిప్స్ వేరే ఉంచుతారు. ఆ రోజు కూడా ఉంచారు.

లక్షణాలు పూర్తిగా తగ్గి లెక్క పూర్తయ్యాక ప్రాక్టీసుకు వెళ్ళాడు. మామయ్య చెప్పినట్టే కోచ్ ట్యాకిల్‌ను మొదటి నుంచి నేర్పాడు. ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, తర్వాత నడుస్తూ, తర్వాతే పరుగెత్తుతూ. చెంప అవతలివాడి పిరుదుకు ఆనించి, తల వెనక పక్కకు. వాళ్ళ నాన్న ఆ వీడియో తీసి వరంగల్‌కు పంపారు. "ఇప్పుడు సరిగ్గ పడుతుండు" అని మామయ్య నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

ఈ సెప్టెంబరులో అండర్-14. జట్టుకు పదిహేను మంది, స్క్రమ్‌లో (రెండు జట్లవాళ్ళు గుంపుగా భుజాలు ఆనించి ఒకరినొకరు నెట్టుకునేది) జట్టుకు ఎనిమిది మంది, పిల్లలు కూడా ఒక్కసారిగా పొడుగైపోయే వయసు. క్లబ్ రిజిస్ట్రేషన్ నింపేటప్పుడు ఆరోగ్య వివరాల గడిలో ఈ కంకషన్ తేదీ రాశాను. అదే తేదీని స్కూలు ఫారంలో కూడా రాసి, కోచ్ నంబరు పీఈ టీచర్‌కూ, పీఈ టీచర్ ఈమెయిల్ కోచ్‌కూ వాళ్ళిద్దరినీ అడిగే ఇచ్చాను. వాడి పుస్తకం ఫ్రిజ్ మీదే ఉంది. క్లబ్‌లో ఫస్ట్ ఎయిడ్ కోర్సుకు నేను పేరిచ్చాను.