పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని జారకండి

పోయినేడాది సంక్రాంతి సెలవుల్లో జరిగింది. అప్పటికి మా పాపకు ఇరవై నెలలు. సాయంత్రం ఇంటి దగ్గరి పార్కుకు తీసుకెళ్లాను. ఒక్కదాన్నే జారుడుబల్ల మీద వదలడానికి భయమేసి, ఒళ్లో కూర్చోబెట్టుకుని నేనే జారాను.

సగం దాకా కూడా రాలేదు. పాప బూటు అడుగున ఉన్న రబ్బరు, బల్ల పక్క అంచుకు పట్టేసింది. పాదం అక్కడే ఆగిపోయింది. నా 78 కిలోల బరువు మాత్రం ఆగలేదు. పాప కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

చూస్తే దెబ్బేమీ లేదు. వాపు లేదు, గీరుకున్నట్టూ లేదు. కానీ నిలబెడితే కుడికాలు నేలకు ఆనించదు. బెణికిందేమో, నూనె రాసి నీవుదామన్నారు అత్తగారు. మా ఆవిడ ఒప్పుకోలేదు, అదే మంచిదైంది. ఎక్స్‌రే తీస్తే మోకాలి కింద పెద్ద ఎముక మెలితిరిగినట్టు చిట్లి ఉంది. మూడేళ్లలోపు పిల్లలకు ఇలా జరగడం కొత్తేమీ కాదన్నారు ఎముకల డాక్టరు గారు. అదే పాప ఒక్కతే జారి ఉంటే, బూటు పట్టేసినప్పుడు తనూ ఆగిపోయేది. పది కిలోల పిల్లకు తన ఎముకను తానే మెలిపెట్టుకునేంత బరువెక్కడిది? ఆ బరువు నాది. జాగ్రత్త అనుకుని నేను చేసిన పనే కాలు విరగ్గొట్టింది. పిండికట్టుతో నాలుగు వారాలు పాపను చంకలోనే మోశాం.

అప్పటినుంచి పార్కుకు వెళ్తే నా కళ్లు వేరేవాటి మీదకు పోతున్నాయి. ఉయ్యాల కింద ఇసుక ఉందా, కాళ్ల రాపిడికి గుంటపడి గట్టినేల తేలిందా అని చూస్తాను. ఆడపిల్లల చున్నీ, టోపీ తాడు జారుడుబల్ల పైనుండే సందులో చిక్కుకుంటే మెడకు ఉరిలా బిగుసుకుంటుంది. అందుకే మెట్లెక్కకముందే తీయించేస్తాను. ఇక మన బెజవాడ ఎండల సంగతి తెలిసిందే. మే నెలలో సాయంత్రం అయిదింటికి కూడా ఇనుప బల్ల పెనంలా కాలుతుంటుంది. ముందు నా ముంజేయి ఆనించి చూస్తాను, నాకు చురుక్కుమంటే పాపను ఎక్కనివ్వను. ప్లాస్టిక్ బల్లలు కాలవనుకోకండి, అవీ కాలతాయి. ఒకవేళ చర్మం కాలితే టూత్‌పేస్టు, ఐసు వద్దు. కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచి, డాక్టరుకు చూపించండి.

మొన్న ఆదివారం ఒక పెద్దాయన మనవరాలిని ఒళ్లో పెట్టుకుని బల్ల పైన కూర్చోబోతున్నారు. పరుగున వెళ్లాను. “బాబాయ్ గారూ, ఆగండి. చిన్న బల్ల మీద పాపనొక్కదాన్నే జారనివ్వండి, మీరు పక్కన నడుం పట్టుకోండి, నేను కింద ఉంటాను” అని మా పాప కాలి సంగతి చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. కిందికి దిగి, ముందు పాప బూట్లు విప్పారు.