బీరు కెటిల్‌కు కంట్రోల్ ప్యానెల్ గీసుకుని కట్టుకున్న నా అనుభవం

అమెరికాలో సొంత వాడకానికి ఇంట్లో బీరు తయారు చేసుకునేవారికి 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం పన్ను మినహాయింపు ఇచ్చింది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు పరిమితి. డాలస్‌లోని మా ఇంట్లో ఈ పని ప్రొపేన్ పొయ్యితో ఆరుబయట సాగేది. మూసిన గ్యారేజీలో ప్రొపేన్ మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం కాబట్టి, లోపలికి మారాలంటే కరెంటు హీటర్లే దిక్కు. నీళ్లు కాచే పాత్రకు ఒకటి, మరిగించే కెటిల్‌కు ఒకటి చొప్పున 240 వోల్టుల 5,500 వాట్ల హీటర్లు రెండు అనుకున్నాను. వాటిని నడిపే ప్యానెల్‌ను నేనే కట్టుకోవాలని, అయితే వైరింగ్ బొమ్మ పూర్తిగా గీసేవరకు ఒక్క స్క్రూ కూడా బిగించకూడదని నిర్ణయించుకున్నాను.

ఇలాంటి బొమ్మలకు పరిశ్రమలో ఈప్లాన్, ఆటోక్యాడ్ ఎలక్ట్రికల్ వంటివి వాడతారు. వాటి ధర ఒక్క పెట్టె కట్టుకునేవాడికి తగినది కాదు. కైక్యాడ్ ఉచితమే, కానీ అది సర్క్యూట్ బోర్డుల కోసం పుట్టినది. చివరకు క్యూఎలెక్ట్రోటెక్ ఎంచుకున్నాను. ఇది ఓపెన్ సోర్స్, కంట్రోల్ ప్యానెల్ గీసే పద్ధతికి తగ్గట్టే తయారైనది. కాంటాక్టర్లు (కాయిల్‌కు కరెంటు ఇస్తే పెద్ద లైన్లను కలిపే స్విచ్‌లు), మామూలు స్విచ్‌లు, లాంపులు, టెర్మినళ్ల గుర్తులు అందులో సిద్ధంగా ఉంటాయి. ఉష్ణోగ్రత చూసి హీటరును నడిపే పిఐడి కంట్రోలర్‌కు తగిన గుర్తు కనిపించకపోతే ఎలిమెంట్ ఎడిటర్‌లో నేనే ఒక దీర్ఘచతురస్రం గీసి, దాని వెనుక ఉండే స్క్రూల నంబర్లనే టెర్మినళ్లకు పెట్టుకున్నాను. ఆ కాసేపటి శ్రమ తరువాత వైరింగ్‌లో చాలా కలిసివచ్చింది.

మొదటి ఫోలియో, అంటే మొదటి పేజీ, సప్లైకి కేటాయించాను. ఆంధ్రాలో పాలిటెక్నిక్ చదివిన నాకు ఇంటి కరెంటు అంటే ఒక ఫేజు, ఒక న్యూట్రల్, మధ్య 230 వోల్టులు. అమెరికా ఇళ్లలో అలా కాదు. న్యూట్రల్‌తో చూస్తే 120 వోల్టుల చొప్పున రెండు లైన్లు వస్తాయి, ఆ రెండింటి మధ్య 240 ఉంటుంది. హీటరు ఈ రెండు లైన్ల మధ్య కూర్చుంటుంది. వేడిని నియంత్రించే సాలిడ్ స్టేట్ రిలే, అంటే ఎలక్ట్రానిక్ స్విచ్, సాధారణంగా ఒక లైనునే తెంచుతుంది కాబట్టి, అది ఆఫ్‌లో ఉన్నా రెండో లైను నుంచి హీటరుకు ఎర్త్‌తో 120 వోల్టులు ఉండనే ఉంటాయి. పైగా ఈ రిలేలు పాడైతే ఎక్కువగా షార్ట్ అయిపోయి, ఆన్‌లోనే ఉండిపోతాయి. అందువల్ల ప్రతి హీటరుకూ రిలే కంటే ముందు రెండు లైన్లనూ కలిపి తెంచే కాంటాక్టర్ తప్పనిసరి అని నా అభిప్రాయం. రిలే ఒక్కటే చాలని గీసిన బొమ్మలు ఇంటర్నెట్‌లో కనిపిస్తాయి. వాటిని నేను పక్కన పెట్టాను.

వైర్ల రంగుల విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. మన దగ్గర పాత అలవాటు ప్రకారం నల్ల తీగ న్యూట్రల్, ఇక్కడ నల్ల తీగలోనే కరెంటు ఉంటుంది. ఇక్కడి న్యూట్రల్ తెలుపు, ఎర్త్ ఆకుపచ్చ, రెండో లైను ఎరుపు. ఈ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి కండక్టరుకూ రంగు, నంబరు ఇవ్వవచ్చు కనుక తెరమీది గీతలకు కూడా ఆ రంగులే వేశాను. తెలుపు తెర మీద కనబడదు కాబట్టి న్యూట్రల్‌కు బూడిద రంగు వాడాను. న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ రెండు వేర్వేరు టెర్మినళ్ల వరుసలుగా చూపించాను. పెట్టెలో అవి ఎక్కడా కలవకూడదు, కలిస్తే లీకేజీని గమనించే జీఎఫ్‌సీఐ బ్రేకర్ పడిపోతుంది.

సాఫ్ట్‌వేర్ విలువ తెలిసింది ఇంటర్‌లాక్, అంటే ఒక హీటరు నడుస్తుంటే రెండోది ఆన్ కాకుండా అడ్డుకునే ఏర్పాటు, గీసేటప్పుడే. ఒక్కో హీటరు 22.9 ఆంపియర్లు లాగుతుంది, లైను 30 ఆంపియర్లది, కాబట్టి రెండూ ఒకేసారి వెలగకూడదు. సెలెక్టర్ స్విచ్ ఉన్నా, ఒక కాంటాక్టర్ కాయిల్‌కు వెళ్లే తీగను రెండో కాంటాక్టర్ తాలూకు సాధారణంగా మూసి ఉండే కాంటాక్టు గుండా తిప్పాను. క్యూఎలెక్ట్రోటెక్‌లో కాయిల్‌ను మాస్టర్‌గా, దాని కాంటాక్టులను స్లేవ్‌లుగా జత చేస్తే, ఏ కాంటాక్టు ఏ ఫోలియోలో ఏ గడిలో ఉందో కాయిల్ కిందే వచ్చేస్తుంది. ఒక హీటరు కాంటాక్టరైన కేఎం2 కాయిల్ కింద రెండు పవర్ కాంటాక్టులు, ఒక మూసిన కాంటాక్టు చిరునామాలతో సహా కనబడ్డాయి. అప్పుడు కొనవలసిన కాంటాక్టర్‌కు అదనపు కాంటాక్టు బ్లాకు కావాలన్న సంగతి ఆ పట్టికలోనే తేలిపోయింది.

అత్యవసర బటన్ విషయంలో ఇక్కడి బీరు ప్రియుల్లో ఒక అలవాటు ఉంది: బటన్ నొక్కితే ఒక రెసిస్టర్ గుండా కొద్ది కరెంటును ఎర్త్‌కు పంపి, బ్రేకర్‌నే పడగొడతారు. ఆ తీగ ఎప్పుడో ఊడిపోతే అవసరమైన రోజునే ఆ సంగతి తెలుస్తుంది. నేను బటన్‌ను మెయిన్ కాంటాక్టర్ కాయిల్‌కు సిరీస్‌లో మూసిన కాంటాక్టుగా పెట్టాను. తీగ ఊడినా ప్యానెల్ ఆగిపోతుంది.

అయితే ఈ సాఫ్ట్‌వేర్ గీస్తుందే తప్ప లెక్క చూడదు. సన్నని తీగకు 23 ఆంపియర్లు కట్టినా అడ్డు చెప్పదు. ఆ లెక్కలు స్ప్రెడ్‌షీట్‌లో వేసుకున్నాను. పవర్ లైన్లకు 10 ఏడబ్ల్యూజీ (అమెరికాలో తీగ మందం కొలత) రాగి తీగ, అంటే సుమారు 5.26 చదరపు మిల్లీమీటర్లు, ఎంచుకున్నాను. 40 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 67కు తేవడానికి పూర్తి శక్తితో సుమారు 24 నిమిషాలు. సాలిడ్ స్టేట్ రిలే ప్రతి ఆంపియరుకు వాటు పైచిలుకు వేడిని వదులుతుంది కాబట్టి ఆ వేడిని గాలిలోకి వదిలే హీట్ సింక్‌ను పెట్టె బయటికి తెచ్చాను.

పెట్టె తలుపు మీద రంధ్రాల కొలతలకు స్కీమాటిక్, అంటే వైరింగ్ బొమ్మ, పనికిరాదు. అది లిబ్రేక్యాడ్‌లో అసలు కొలతకు గీసి ముద్రించి అంటించాను: కంట్రోలర్లకు 45 మిల్లీమీటర్ల చదరపు కోత, బటన్లకు 22 మిల్లీమీటర్ల రంధ్రాలు. ప్రింటర్‌లో ‘పేజీకి సరిపెట్టు’ అన్న ఎంపిక తీసేసి, కాగితం మీద స్కేలు పెట్టి చూశాకే డ్రిల్లు పట్టుకున్నాను.

30 ఆంపియర్ల లైనును, జీఎఫ్‌సీఐ బ్రేకర్‌ను లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత వేయించాను. కరెంటు ఇవ్వకముందు మీటరుతో చూస్తే హీటరు కొసల మధ్య పదిన్నర ఓములు వచ్చింది, లెక్కకు సరిపోయింది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు అనంతం చూపింది.

ఇప్పుడు శీతలీకరణకు రెండో పంపు చేరుస్తున్నాను. మొదటి పంపు లైన్ 1 మీద ఉంది కాబట్టి, దీనిని లైన్ 2కు సొంత ఫ్యూజుతో ఇస్తున్నట్టు మూడో ఫోలియోలో గీసి, రివిజన్ అక్షరం మార్చాను. ఫ్యూజు హోల్డర్ వచ్చాక తీగలు వేస్తాను.